గుమ్మడికాయకి మొదటి గాటు

పోయిన వారం న్యూజెర్సీలోని పిస్కాటవేలో, తమ్ముడి ఇంటి ముందు కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న నాన్న, నన్ను వంగమని సైగ చేసి చెవి దగ్గర అన్నారు.

"అమ్మాయ్, ఆయన్ని కాసిని మంచినీళ్ళు ఇమ్మని అడుగు."

ఆయన అంటే మా తమ్ముడు. అక్కడే, చేయి చాపితే అందే దూరంలో, హాలోవీన్ అయిపోయాక మిగిలిన గుమ్మడికాయల్ని వరసగా పేరుస్తున్నాడు. నాన్నకి ఎనభై దాటాయి. ఈమధ్య కొన్ని నెలలుగా ఎవరిని ఏమని పిలవాలో ఆయనకి తెలియడం లేదు. నా విషయంలో "అమ్మాయ్"తో సరిపోతోంది. తమ్ముడి దగ్గరే చిక్కు. జుట్టు నెరిసి, ఇంటి పెద్దలా తిరుగుతున్న ఈ మనిషి తనకి ఏమవుతాడో ఆయనకి అందడం లేదు. అందుకని అసలు పిలవరు. ఏం కావాలన్నా నాచేత అడిగిస్తారు.

నా మొహం చూసి తమ్ముడే నవ్వాడు. "ఇట్స్ ఓకే అక్కా. నేనూ చేశాగా ఆయనకి."

చేశాడు. వాడికి అది గుర్తుండే వయసు కాదు. నేను చెప్పగా చెప్పగా వాడి జ్ఞాపకమైంది. 

నాకు డైరీ రాసే అలవాటు మేం అమెరికా వచ్చిన ఏడాదే మొదలైంది. మందుల కంపెనీవాళ్ళు ఆస్పత్రిలో పంచిన డైరీ ఒకటి, అప్పటికే సగం సంవత్సరం గడిచిపోయినది, నాన్న నాకు తెచ్చి ఇచ్చారు. ఖాళీగా ఉన్న నెలల్ని ఏం చేయాలని అడిగితే, "గడిచిపోయినవాటిని వదిలెయ్, ఇవాళ్టినుంచి రాయి" అన్నారు. అప్పటినుంచి మానలేదు. వాతావరణం, ఇంటికి వచ్చినవాళ్ళు, వండిన కూర. ల్యాబ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, రిటైరయ్యాకా అదే పద్ధతి. అయితే నేను రాయబోయే రోజు గురించి ఆ డైరీలో నా పిల్లరాతలో ఉన్నది ఇంతే: ఎండ. చలి. గుమ్మడికాయ పులుసు, బాగాలేదు.

అందుకే మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

నాన్న అమెరికా వచ్చేనాటికి తమ్ముడు ఇంకా పుట్టలేదు. ఆస్పత్రిలో ఆయన రెసిడెన్సీ శిక్షణ, మా వీసాలు, టికెట్ల ఖర్చు ఒకదాని తర్వాత ఒకటి అడ్డుపడి, అమ్మా నేనూ వాడూ విమానం ఎక్కేసరికి వాడు పలక పట్టుకుని బడికి వెళ్ళేంతవాడయ్యాడు. వాడికి తెలిసిన నాన్న గోడమీద ఫొటోలో ఉండేవాడు. ఒత్తయిన క్రాఫు, సన్నని మీసం. ఎయిర్‌పోర్టులో ఎదురొచ్చిన మనిషికి మీసం లేదు, నుదురు పైదాకా పోయింది, మీదనించి పెద్ద కోటు. పక్కన ఆయన స్నేహితులు కూడా ఉన్నారు. అమెరికాలో పెద్దవాళ్ళు కనిపిస్తే ఆంటీ అనాలి, అంకుల్ అనాలి అని అమ్మ విమానంలో దారిపొడుగునా వాడికి నేర్పింది. వాడు బుద్ధిగా ఒక్కొక్కరి ముందూ నిలబడి, చేతులు జోడించి, "నమస్తే అంకుల్" అన్నాడు. నాన్నకీ అదే చెప్పాడు.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నాన్నే నవ్వారు. తర్వాత కారు నడుపుతూ అద్దంలోంచి వెనక సీట్లో ఉన్న వాణ్ణే చూస్తూ వచ్చారు.

ఆ నవ్వులకి వాడు బిగుసుకుపోయాడు. అంకుల్ అనకూడదని అర్థమైంది. నాన్నా అనడానికి నోరు రాలేదు. ఇక ఏమీ అనకుండా ఉండడమే వాడు కనిపెట్టిన ఉపాయం.

మేం చేరింది ఒహాయోలో ఒక చిన్న ఊరు. ఆస్పత్రి వెనక వాలు మీద ఉన్న చిన్న చిన్న ఇళ్ళలో ఒకటి మాకిచ్చారు. నాన్న సర్జరీలో రెసిడెంట్. ఇంట్లో ఉంటే కళ్ళమీద తువ్వాలు వేసుకుని నిద్రపోయేవారు, లేకపోతే ఆస్పత్రిలో ఉండేవారు. ఆయన వచ్చారంటే ముందు స్పిరిట్ వాసనా, ఘాటైన సబ్బు వాసనా వచ్చేవి. మేము మేజోళ్ళతో, చప్పుడు కాకుండా నడిచేవాళ్ళం.

ఆయన మెలకువగా ఉన్న కాసేపట్లో తమ్ముడు ఆయన పక్కనే సోఫాలో కూర్చుని నాతో చెప్పేవాడు. "అక్కా, ఆయన్ని టీవీ పెట్టమను."

నాన్న కూడా నావైపే తిరిగి, "ఏ ఛానల్ కావాలో కనుక్కోమ్మా" అనేవారు.

"బొమ్మలది అని చెప్పక్కా."

"సరే అన్నానని చెప్పు."

అమ్మకి ఒళ్ళు మండేది. "నాన్నా అని పిలవరా! నోరేమైనా నొప్పెడుతుందా?"

"వదిలెయ్," అనేవారు నాన్న. "అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది?" అంటూనే, డ్యూటీకి వెళ్ళే ముందు షూ లేసులు కట్టుకుంటూ నాతో మెల్లిగా, "నిద్రలో ఉన్నా సరే, పిలిస్తే లేస్తానని వాడికి చెప్పు" అనేవారు. నేను చెప్పాను. వాడు తలూపాడు. అంతే.

అక్టోబరు చివర్లో, హాలోవీన్ పండక్కి, వీధిలో ప్రతి గుమ్మం ముందూ గుమ్మడికాయలు వెలిశాయి. కొన్ని మామూలువి, కొన్నిటికి కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపాలు పెట్టారు. అమ్మ కిటికీలోంచి చూసి సంతోషపడింది. "చూశావా, ఎంత చదువుకున్నవాళ్ళయినా దిష్టి మాత్రం ఉంది వీళ్ళకి."

హాలోవీన్ మర్నాడు మమ్మల్ని బడికి నడిపించుకు వెళ్తుంటే రోడ్డుమీద ఒక గుమ్మడికాయ చితికి పడి ఉంది. అమ్మ మా ఇద్దరి రెక్కలూ పట్టి పక్కకి లాగింది.

"తొక్కకండి! ఎవరో దిష్టి తీసి పడేశారు."

నాలుగడుగులు వేస్తే ఇంకొకటి. మలుపు తిరిగితే మరొకటి. రాత్రి కుర్రాళ్ళు అల్లరికి విసిరి పగలగొట్టారని మాకేం తెలుసు? అమ్మ ఒక్కొక్కదాన్నీ చుట్టు తిప్పి, జనం ఇళ్ళముందు గడ్డిలోంచి నడిపించింది. "ఊరంతా ఒక్క రాత్రే దిష్టి తీసుకుందేమిటే! ఏమైనా జరిగిందేమో, మీ నాన్నని అడగాలి" అంటూ. బడికి ఆలస్యంగా చేరాం. ఎందుకని టీచరు అడిగితే దిష్టిని ఇంగ్లీషులో ఏమంటారో నాకు రాలేదు. బస్సు తప్పిందని చెప్పాను. మేం బస్సెక్కమని ఆవిడకి తెలుసు.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. పొడుగు మనిషి. ఎప్పుడూ చనిపోయిన భర్త గళ్ళ చొక్కాలు వేసుకునేది. ఆవిడ గుమ్మంలో చెక్కని గుమ్మడికాయ ఒకటి మిగిలిపోయింది. అమ్మకి దానిమీద మనసుపడింది. వచ్చినప్పటినుంచీ మాకు దొరికిన కూరలు బంగాళాదుంప, క్యాబేజీ, డబ్బాలో బఠాణీ. ఆ కాయని చూపించి, చేత్తో కలుపుతున్నట్టు, నోట్లో పెట్టుకుంటున్నట్టు అభినయించింది. ఆవిడకి అర్థమై, కాయని తనే మోసుకొచ్చి వంటింటి బల్లమీద పెట్టింది. అంతటితో ఆగలేదు. డాక్టరుగారి భార్య గుమ్మడికాయలు తింటుందని వీధంతా చెప్పింది. మర్నాటినుంచి మా వెనక మెట్లమీద కాయలు పెరగడం మొదలైంది. తలుపు తీసినప్పుడల్లా కొత్తది ఉండేది. కొన్నిటిమీద "ఎంజాయ్" అని చీటీలు కూడా.

"దేవుడా, వద్దంటే ఏమనుకుంటారో!" అంది అమ్మ.

అసలు చిక్కు అది కాదు. మా ఇళ్ళల్లో నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు మొదటి గాటు పెట్టరు. మగవాళ్ళు కత్తితో ఒక గాటు పెట్టి ఇస్తే, ఆ తర్వాత కత్తిపీట ముందు కూర్చుని ఎన్ని ముక్కలైనా కోస్తారు. ఎందుకని అడిగితే, "మా అమ్మ పెట్టలేదు, వాళ్ళమ్మ పెట్టలేదు" అంది అమ్మ. నాన్నేమో ఆస్పత్రిలో. వచ్చినా నిద్ర. పగలంతా మనుషుల్ని కోసి వచ్చిన మనిషిని గుమ్మడికాయ కోయమని లేపడానికి అమ్మకి చేతులు రాలేదు.

కాయ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, చివరికి తమ్ముణ్ణి పిలిచింది. "ఇలా రా బాబూ. నువ్వూ మగాడివే కదా. గాటు పెట్టు."

కాయని తను గట్టిగా పట్టుకుని, వాడి గుప్పిట్లో చాకు పెట్టింది. "వేలు జాగ్రత్త. వేలు, వేలు! జాగ్రత్త." వాడు నాలుక బయటపెట్టి, గోరుతో గీసినంత గాటు పెట్టాడు. అమ్మకి అది చాలు.

వాసన మాత్రం అద్భుతంగా వచ్చింది. ఊరినుంచి పొట్లం కట్టి తెచ్చుకున్న చింతపండు, బెల్లానికి బదులు బ్రౌన్ షుగర్, ఆవాలు చిటపటలాడిన పోపు. కరివేపాకు లేదు. గిన్నె మూత తీస్తే నీళ్ళు, ఆ నీళ్ళలో పీచు. చెక్కి దీపం పెట్టడానికి పెంచే కాయలు, కూరకి పనికిరావని ఇప్పుడు తెలుసు. అమ్మ గరిటెతో అటూ ఇటూ కలిపి, "రంగు చూసి మోసపోయాం" అంది. తమ్ముడు మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు. వాడు గాటు పెట్టిన కాయ మరి. ఆ రోజునుంచి మెట్లమీద కాయలన్నీ వాడివయ్యాయి. బడినుంచి రాగానే వాటిని తడిమి, పలకరించి గానీ లోపలికి వచ్చేవాడు కాదు.

ఆ శనివారం నాన్నకి ఆఫ్. నిద్రలేచి, కాఫీ కప్పుతో వెనక తలుపు తీసి, ఆ కుప్పని చూసి ఆశ్చర్యపోయారు. చాలా రోజులకి ఆయన మొహంలో హుషారు చూశాను. చొక్కా చేతులు మడిచి, లోపలికి వెళ్ళి పెద్ద కత్తి తెచ్చారు.

"ఏమోయ్, ఇంకా కాయలన్నీ ఇలాగే పెట్టావేం? గాటు పెట్టేవాడు లేడనా? వచ్చాగా!"

అన్నిటికన్నా పెద్ద కాయమీద చేయి వేశారో లేదో, తమ్ముడు పరుగెత్తుకొచ్చి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. "నాది! నేనే కొయ్యాలి. అక్కా, ఆయన్ని వద్దని చెప్పు! అమ్మా, ఆయన్ని వెళ్ళమను!"

వాడు ఏడుస్తున్నాడు. నాన్న కత్తిని మెట్టుమీద పెట్టేశారు. పెట్టి, ఏం చేయాలో తెలియనట్టు చేతులు తుడుచుకున్నారు, చేతులకి ఏమీ అంటకపోయినా.

అమ్మ మొహం పాలిపోయింది. "అది కాదండీ, మీరు లేరని నేనే వాడిచేత..."

"తెలుసులే," అన్నారు నాన్న. "ఉన్నవాడే కదా కోస్తాడు."

సరిగ్గా అప్పుడు పక్కింటావిడ కంచె దగ్గర నిలబడి కేకేసింది. వాళ్ళ కొడుకు, మనవలు వచ్చారు. ప్రతి ఏడూ హాలోవీన్ అయ్యాక మిగిలిన కాయలతో ఆ వాలు మీద ఆడుకోవడం వాళ్ళ ఇంటి వాడుక. ఈసారి వీధిలో కాయలన్నీ మా మెట్లమీదే ఉన్నాయి కాబట్టి మేం రాకపోతే ఆటే లేదంది. అమ్మ వద్దనేలోపే పిల్లలు వచ్చి కాయల్ని మోసుకుపోయారు. తన కాయలతోపాటు తమ్ముడూ వెళ్ళాడు. తమ్ముడి వెనక మేమూ.

ఆ మధ్యాహ్నం వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. అప్పట్లో రాలిన ఆకుల్ని పోగేసి ఇంటిముందే తగలబెట్టేవాళ్ళు. ఆ పొగ, ఆవిడ పెద్ద గిన్నెలో కాచిన ఆపిల్ సైడర్‌లోని దాల్చినచెక్క, తడి మట్టి. మొదటి ఆట చీపుళ్ళతో. కాయని చీపురుతో తోసుకుంటూ మేపుల్ చెట్టు చుట్టూ తిరిగి రావాలి. గుమ్మడికాయ బంతి కాదు. మనం ఒకవైపు తోస్తే అది తొడిమ చుట్టూ తిరిగి మళ్ళీ మన కాళ్ళదగ్గరికే వస్తుంది. ఆవిడ మనవడొకడు విసిగి కాలితో తన్నాడు.

"అయ్యో, కాలు తగలనివ్వద్దని చెప్పవే! తినే వస్తువు!" అంది అమ్మ.

నేను చెప్పాను. ఆవిడ నడుముమీద చేతులు పెట్టుకుని, "విన్నారుగా? డాక్టరుగారి భార్య రూలు. కాళ్ళు వాడినవాళ్ళు ఔట్" అని ప్రకటించింది. తర్వాత ఏళ్ళలో కూడా ఆ వాలు మీద ఆ రూలు అలాగే ఉండిపోయింది.

రెండో ఆట దొర్లించడం. వాలు కింద బట్టల బుట్ట ఒకటి పక్కకి పడుకోబెట్టారు. పైనించి దొర్లించిన కాయ అందులోకి వెళ్ళాలి. నాన్న అంతవరకూ జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కన నిలబడ్డారు. ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వచ్చి, వాడివైపు కాకుండా నావైపు చూసి అన్నారు.

"దొరగారిని అడుగు. ఎవరి కాయ బుట్టలో పడితే వాళ్ళే ఆ పెద్దదాన్ని కొయ్యాలి. పందెం సమ్మతమేనా?"

తమ్ముడు ముక్కు తుడుచుకున్నాడు. "ముందు ఆయన్ని వెయ్యమను."

నాన్న వంగి, ఒక కన్ను మూసి గురిచూసి దొర్లించారు. అది బుట్టని దాటి పొదల్లోకి పోయింది. కావాలనే ఓడారా అని పెద్దయ్యాక అడిగాను. "లేదమ్మా, నిజంగానే గెలవాలనుకున్నా" అన్నారు. తమ్ముడి కాయ నాలుగు పొర్లు పొర్లి, ఆకుల్లో ఆగిపోయింది. వాడు వచ్చి నా వెనకాల దాక్కున్నాడు.

"నీ వంతు, హనీ!" అని, పందెం సంగతి నన్నడిగి తెలుసుకున్న పక్కింటావిడ అమ్మని ముందుకి తోసింది.

"ఛ, నేనా! అందరిముందూ..." అంటూనే అమ్మ కోటు విప్పి నాకిచ్చింది. కొంగు నడుముకి దోపింది. రుబ్బురోలు దగ్గర పొత్రం తిప్పి పెరిగిన చెయ్యి ఆవిడది. బరువైన గుండ్రటి వస్తువు ఎటు తిరగాలనుకుంటుందో ఆ చేతికి తెలుసు. బుట్టకి దూరంగా, ఎక్కడో చెట్టువైపు తోసింది. అందరం అయ్యో అన్నాం. కాయ తీరిగ్గా వంకర తిరిగి, తిరిగి, బుట్టలోకి వెళ్ళి కూర్చుంది.

పక్కింటావిడ అమ్మని ఎత్తి గిరగిరా తిప్పింది. కిందికి దించాక పెద్ద కాయ తెప్పించి, కత్తి అమ్మ చేతికిచ్చింది. "గెలిచినవాళ్ళే కొయ్యాలి కదా!"

అమ్మ కత్తి పుచ్చుకోకుండా వెనక్కి జరిగింది. "నేను కొయ్యకూడదని చెప్పవే. ఆడవాళ్ళం మొదటి గాటు పెట్టం."

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. "ఆడవాళ్ళు కొయ్యకపోతే ఇంకెవరు కోస్తారు? మా ఇంట్లో మగవాళ్ళకి కత్తి ఎక్కడుంటుందో కూడా తెలీదు!"

అమ్మ నవ్వలేదు. నాన్ననీ తమ్ముణ్ణీ చూసింది. ఒకరు పొద దగ్గర, ఒకడు నా వెనకాల. "గెలిచింది నేను కాబట్టి మాట నాది. ఇద్దరూ కలిసి పెట్టండి. లేదంటే ఇవాళ పులుసు లేదు."

"పీడా పోయింది," అన్నారు నాన్న. అన్నా వచ్చి గడ్డిలో మోకాళ్ళమీద కూర్చున్నారు. తమ్ముడు నన్ను చూశాడు. ఏదో చెప్పమంటాడనుకున్నాను. ఏమీ చెప్పకుండా వెళ్ళి ఆయన మోకాళ్ళ మధ్య నిలబడి కత్తి పట్టుకున్నాడు. వాడి చేతిమీద నాన్న చెయ్యి వేశారు. కాయ గట్టిది. కత్తి కొంచెం దిగి ఇరుక్కుంది. కదలకుండా ఉండాలని నాన్న ఎడం చేయి కాయమీద, కత్తికి ఎదురుగా పెట్టారు.

"నాన్నా, వేలు!" అరిచాడు తమ్ముడు. "వేలు, వేలు! జాగ్రత్త!"

అచ్చం అమ్మ గొంతు, అమ్మ కోపం.

రోజూ కత్తితోనే పనిచేసే మనిషి వేలు పక్కకి తీసుకున్నారు. "ఆఁ. చూస్తున్నా," అన్నారు. తల ఎత్తలేదు. కత్తి మాత్రం కాసేపు ఎక్కడిది అక్కడే ఉండిపోయింది. అమ్మ మావైపు వీపు తిప్పి, దోపుకున్న కొంగు తీసి సవరించుకోవడం మొదలుపెట్టింది.

"ఏమంటున్నాడు కుర్రాడు?" అడిగింది పక్కింటావిడ.

"వేలు జాగ్రత్త అంటున్నాడు," అన్నాను. అంతవరకే చెప్పగలిగాను.

"మంచి సలహా, డాక్టర్!" అందావిడ.

పులుసు ఆ రోజు కూడా నీళ్ళే. నాన్న మూడుసార్లు వడ్డించుకున్నారు. సాయంత్రందాకా తమ్ముడు అవసరం ఉన్నా లేకపోయినా పిలుస్తూనే ఉన్నాడు. నాన్నా ఇది చూడు, నాన్నా అదేంటి, నాన్నా నీకు ఈల వెయ్యడం వచ్చా. "ఇక చాల్లేరా, నోరు నొప్పెట్టదూ?" అంది అమ్మ. ఆయన ప్రతి పిలుపుకీ పలికారు.

రెసిడెన్సీ అయ్యాక ఆ ఊరు వదిలేశాం. ఆకులు తగలబెట్టడం ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. పక్కింటావిడ లేదు, కొన్నేళ్ళుగా అమ్మా లేదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం ఏ కాయనైనా ఎవరికోసమూ ఆగకుండా కోసేస్తున్నాం. తమ్ముడి కూతురు సర్జన్ కాబోతోంది. అయినా హాలోవీన్ తర్వాత, పిల్లలు ఆడుకోవడం అయ్యాక, ఒక్క కాయని మాత్రం వాడు నాన్న దగ్గరికి తీసుకెళ్తాడు.

పోయిన వారం కూడా తీసుకెళ్ళాడు. నా మనవరాలు దొర్లించిన కాయలు ఇంకా గడ్డిలో పడి ఉన్నాయి. నాన్న మంచినీళ్ళు తాగి గ్లాసు నాకిచ్చారు. తమ్ముడు ఆయన ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో కాయ పెట్టి, పక్కన మోకాళ్ళమీద కూర్చుని, వణికే ఆ చేతికి కత్తి అందించి, మీద తన చెయ్యి వేశాడు. కాయ జారకుండా ఎడం చేత్తో అవతలినుంచి పట్టుకున్నాడు.

నాన్న ఆ చేతిని చూశారు. చూసి, తల తిప్పి వాడి మొహంలోకి చూశారు. నావైపు తిరగలేదు. నాతో చెప్పమనలేదు.

"వేలు జాగ్రత్త," అన్నారు.

"ఆఁ. చూస్తున్నా నాన్నా," అన్నాడు తమ్ముడు.

పులుసులోకి బెల్లం ఉందో లేదో చూడడానికి నేను లోపలికి వెళ్ళాను.